కదలని ముల్లు

ఆవిడకి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది. సర్టిఫికెట్ల మీద ఉంది, ఆఫీసు కాగితాల కింద సంతకంలో ఉంది. ఆ పేరుతో పిలిచేవాళ్లు మాత్రం లేరు. సైటులో వాచ్‌మన్ నుంచి మేనేజరు దాకా, ఇంట్లో అత్తగారితో సహా, అందరికీ ఆవిడ నిదానమ్మ. ఆ పేరు ఎవరు పెట్టారని అడిగితే నేనంటే నేనని చాలామంది ముందుకొస్తారు. ఎందుకు పెట్టారంటే మాత్రం అందరూ ఒకటే కథ చెబుతారు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, జాకీ పంపు దగ్గర నిలబడ్డ మనిషి కాస్త హుషారుగా చెయ్యి ఆడించాడట. వెనకనుంచి ఈవిడ "నిదానం... నిదానం..." అని అందుకుంది. అతను కంగారుపడి పంపు వదిలేసి పక్కకి పోయినా ఈవిడ అనడం మానలేదట.

నిదానమే ప్రధానమని పిల్లలకి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. పెద్దయ్యాక ఆ మాట మీద నిలబడేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలా నిలబడితే ఉద్యోగం ఎక్కడుంటుంది? నిదానమ్మకి మాత్రం అదే ఉద్యోగమైంది.

ఆవిడ పనేమిటో ముందు చెప్పాలి. నేల మెత్తగా ఉన్నచోట పెద్ద భవనం కట్టాలంటే, మిషనుతో లోతుగా గుండ్రటి గొయ్యి తొలిచి, అందులో ఇనప చువ్వల పంజరం దించి, కాంక్రీటు పోస్తారు. అదే పైల్. పైనున్న మట్టిని దాటుకుని, కింద రాయిలోకి కొంత దిగి, అక్కడ కాళ్లూని నిలబడుతుంది. భవనమంతా అలాంటి పైళ్ల నెత్తిమీదే ఉంటుంది. మరి మోస్తుందో మొయ్యదో పైల్‌ని అడిగితే చెబుతుందా? అందుకని దాని నెత్తిన ఇనప దూలాలతో మంచె కట్టి, మంచె మీద కాంక్రీటు దిమ్మలు ఇల్లంత ఎత్తు పేర్చి, మంచెకీ పైల్‌కీ మధ్య జాకీ పెట్టి నొక్కుతారు. పక్కనే ఇంకో పొడవాటి ఇనప దూలం ఉంటుంది. దాని మీద ఏ బరువూ పెట్టరు. పైల్‌ని తాకుతూ ఉండే డయల్ గేజీలని ఆ దూలానికి బిగిస్తారు. పైల్ వెంట్రుక మందం దిగినా గేజీలో ముల్లు కదులుతుంది.

ఆ ముల్లు ముందు పూటల తరబడి కూర్చోవడం నిదానమ్మ పని. కాస్త బరువు పెంచడం, ఆగడం, ముల్లు చూడడం, మళ్లీ పెంచడం. ఇంజనీరింగు చదివిన తోటివాళ్లంతా డిజైను గదుల్లో ఫ్యాన్ల కింద చేరిపోతే, ఎవరూ వద్దన్న ఈ పనిని ఆవిడ కోరి తీసుకుంది. ఎందుకంటే, "లెక్క వేసినవాడికి తను అనుకున్నదే తెలుస్తుంది. ముల్లు దగ్గర కూర్చున్నవాడికి నేల ఏమనుకుంటోందో తెలుస్తుంది" అంటుంది.

"నేల ఏమనుకుంటుందే? నా నెత్తిన ఇన్ని రాళ్లెందుకు పెట్టారురా అనుకుంటుంది" అనేది అత్తగారు. ఆవిడ నోట్లోంచి వచ్చే ఏ మాటకైనా తిరుగుండదు. ఇంటి ముందు గదిలో నిదానమ్మ భర్తకి కళ్లద్దాల షాపు. గోడ నిండా కళ్లులేని ఫ్రేములు, మూల అద్దాలు అరగదీసే చక్రం, కిటికీ పక్కన పెద్దక్షరాల నుంచి చిన్నక్షరాలకి దిగే అట్ట. అత్తగారు ఆ అట్ట కిందే కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్లకి కొడుకు గురించీ కోడలి గురించీ సమానంగా చెప్పేది. కొడుకు లోకానికి చూపు ఇస్తున్నాడు, కోడలు రాళ్ల కింద ముళ్లు చూస్తోంది, ఇంతే తేడా అని ఆవిడ లెక్క.

ఆసుపత్రి గొడవ మొదలయ్యేనాటికి నిదానమ్మ జుట్టు చెవుల దగ్గర తెల్లబడుతోంది.

పెద్దాసుపత్రి ఆవరణలో కొత్త భవనానికి అయిదంతస్తులు గీశారు. అయిదోది పురుళ్ల వార్డు. దానికోసం అక్కడి పెద్ద డాక్టరమ్మ ఏళ్ల తరబడి కమిటీల గుమ్మాలెక్కి చెప్పులరగదీసింది. పాత భవనంలో మంచాలు చాలక బాలింతలు నడవాలో పడుకునేవాళ్లు. మెట్ల కింద ఒక మంచం, మందుల గది తలుపు తీస్తే తగిలేటట్టు ఇంకో మంచం. పుట్టిన బిడ్డని పక్కలో పెట్టుకుని తల్లి పడుకుంటే, ట్రాలీ వచ్చినప్పుడల్లా లేచి మంచం జరుపుకోవాలి. ఇంతలో పునాదుల ఖర్చు లెక్క వచ్చింది. కింద రాయి గట్టిది. పైళ్లు రాయిలో నాలుగు నిలువులు, అంటే నలుగురు మనుషులంత లోతు, దిగాలని డిజైను. మట్టిలో మిషను వెన్నలో కత్తిలా దిగుతుంది గానీ, రాయి తగిలాక దాని పళ్లు రాలతాయి, పూటంతా తొలిచినా జానెడు దిగదు. ఆ ఖర్చు చూసి కమిటీవాళ్లు అయిదో అంతస్తు మీద అడ్డగీత గీసేశారు.

"నేల కింద పూడ్చడానికి డబ్బుంది, నేల మీద మంచం వెయ్యడానికి లేదా?" అని డాక్టరమ్మ బల్ల గుద్దింది. బల్ల మీద గ్లాసులు దూకాయి. అడ్డగీత మాత్రం అలాగే ఉంది.

పైళ్ల పరీక్షల పని నిదానమ్మకి వచ్చింది. ఆ డిజైనుని ఆవిడ తన పద్ధతిలో, అంటే నాలుగైదు రోజులు, చదివింది. చదివి డాక్టరమ్మ గదికి వెళ్లి కూర్చుంది.

"ఈ లెక్కలో పైల్ అడుగు ఒక్కటే బరువు మోస్తుందని రాశారండీ. పక్కలని లెక్కలోకి తీసుకోలేదు" అంది.

"నాకర్థమయ్యేట్టు చెప్పమ్మా. నేను కడుపులు కోసేదాన్ని, రాళ్లు కాదు."

"సీసాకి బిరడా బిగించారనుకోండి. దాన్ని లోపలికి తోస్తుంటే ఆపేదెవరు? సీసా అడుగా?"

డాక్టరమ్మ బల్ల మీదున్న మందుసీసా వంక చూసింది. "కాదు. మెడ."

"పైల్‌ని కూడా రాయి మెడ పట్టుకున్నట్టే చుట్టూ పట్టుకుంటుంది. ఆ పట్టు లెక్కలోకి తీసుకుంటే నాలుగు నిలువులు అక్కర్లేదు. నిలువున్నర చాలు."

ఈ 'నిలువున్నర చాలు' అన్న మాట నిదానమ్మ జీవితంలో తొందరపడి అన్న మాటల్లో ఒకటి. అలాంటివి ఆవిడకి ఎన్నో లేవు. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "అయితే నా అంతస్తు నాకొస్తుందా?"

"పరీక్ష చేసి చెబుతానండీ" అని లేచింది నిదానమ్మ. కానీ ఆశ పెట్టాక పరీక్షంటే ఎవరు వింటారు?

ఆవరణలో చెరో మూల పరీక్ష కోసమని రెండు పైళ్లు వేయించింది. రెండూ రాయిలో నిలువున్నరే దిగినవి. రాయి ఎక్కడెక్కడ ఎంత మోస్తోందో తెలియడానికి కాంక్రీటు లోపల వరసగా తీగలతో గేజీలు పెట్టించింది. సైటు మేనేజరు తల గోక్కున్నాడు.

"ఒకటి చాలదా మేడం?"

"ఒక్క సాక్షి మాట మీద మీరు ఎవరికైనా అప్పిస్తారా?"

"నేను పదిమంది సాక్షులున్నా ఇవ్వను" అన్నాడు మేనేజరు. అన్నాడు గానీ రెండోది కూడా వేయించాడు. ఆయన మంచివాడు. ఒక్కటే బలహీనత, మర్యాద. సైటుకి ఎవరొచ్చినా సరే, కుర్చీ, నీళ్లు, టీ, నీడ. ఇవి అందకపోతే ఆయనకి ఆ రాత్రి నిద్ర పట్టదు.

మొదటి పైల్ పరీక్ష నాడు ఊరక రారు మహాత్ములన్నట్టు కమిటీవాళ్లంతా దిగారు. వాళ్లతో డాక్టరమ్మ. ఎండ పేలిపోతోంది. నిదానమ్మ మంచె కింద దూరి జాకీ సరిగ్గా నిలువుగా కూర్చుందో లేదో చూసుకుంటోంది. ఆవిడ బయటికొచ్చేసరికి మేనేజరు చకచకా నాలుగు కర్రలు పాతించి, టార్పాలిన్ పట్టా కట్టించి, కింద కుర్చీలు వేయించేశాడు. అతిథులు నీడలో కూర్చుని బిస్కట్లు తింటున్నారు.

"రండి మేడం, ఒక్క నిమిషం కూర్చోండి" అని మేనేజరు బలవంతం చేశాడు. నిదానమ్మ కూర్చుంది. టీ తాగింది. "నీడ మంచిపని చేశారండీ" అని మెచ్చుకుంది కూడా. తర్వాత లేచి, గేజీలన్నిటినీ సున్నా దగ్గర పెట్టి, పంపు కొట్టమంది.

కొంచెం బరువు. ఆగడం. ఇంకొంచెం. ఎండ వాలి, పేర్చిన దిమ్మల నీడ నెమ్మదిగా ఇటు పాకింది. భవనం పెట్టే బరువు దాటారు, దానికి రెట్టింపు దగ్గరికి వచ్చారు, అక్కడ ఆపి కూర్చున్నారు. ముల్లు దాదాపు మొదలుపెట్టిన చోటే ఉంది. సాయంత్రమైంది. ముల్లు అక్కడే ఉంది.

కమిటీవాళ్లు చప్పట్లు కొట్టారు. మేనేజరు ఆనందం పట్టలేక ఇంకో విడత టీ తెప్పించాడు. డాక్టరమ్మ నిదానమ్మ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "ఇప్పుడే వెళ్లి మా నర్సులకి చెప్పేస్తాను. ఆగమంటే ఆగను" అంది. ఆ మొహంలో వెలుగు చూసి నిదానమ్మకి కడుపు నిండిపోయింది. తన ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక పైల్ మూలంగా ఒక మనిషి అంత సంతోషపడడం ఆవిడ చూడలేదు.

ఇంటికొచ్చి వడ్డించుకుని కూర్చున్నారు. భర్త అడిగాడు. "ఎలా అయింది నీ పరీక్ష?"

"బ్రహ్మాండంగా అయిందండీ."

"ఎంత దిగింది?"

"ఏం దిగలేదు. కదల్లేదసలు" అని గొప్పగా అంది. అన్నాక, ముద్ద నోటిదాకా తీసుకెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. కదల్లేదా? రాయి ఇసుమంత కదలకపోయినా, అంత పొడుగు కాంక్రీటు స్తంభం అంత బరువు కింద తను కొంచెం కురచ కావాలి కదా. దూదైనా ఇనుమైనా నొక్కితే నలగని వస్తువంటూ లోకంలో లేదు. కంచం ముందే నోటి లెక్క వేసింది. ముల్లు చూపించినది ఆ నలగడమంత కూడా లేదు. మళ్లీ వేసింది. లేదు.

"ఏమైందే?" అంది అత్తగారు.

"ముల్లు అబద్ధం చెప్పింది అత్తయ్యా."

"బాగోలేదంటే ఏడ్చేవాళ్లని చూశాను గానీ, బాగుందంటే మొహం మాడ్చుకునేదాన్ని నిన్నే చూశాను" అంది అత్తగారు. అని, కోడలి కంచంలో ఇంకో గరిటె వడ్డించింది. కంచం మాత్రం అలాగే ఉండిపోయింది.

తెల్లారగానే సైటుకి వెళ్లి నిదానమ్మ ఒక్కో గేజీ విప్పి చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. జాకీ బాగుంది. గేజీలు బిగించిన పొడవాటి దూలం కూడా ఎక్కడా వదులు లేదు. దాని మీద చెయ్యి వేసి తలెత్తింది. నెత్తిమీద నాలుగు తాళ్లు ఊరికే వేలాడుతున్నాయి.

ఆ తాళ్లకి ఉండాల్సిన టార్పాలిన్ అటుపక్క కుర్చీల పైన కర్రలకి కట్టి ఉంది.

ఇక చెప్పేదేముంది. ఆ పట్టా అక్కడ కట్టించింది ఆవిడే, దూలానికి ఎండ తగలకూడదని. మేనేజరు దాన్ని విప్పి అతిథులకి నీడ చేశాడు. ఎండకి దూలం పైభాగం కాగి, సాగి, మధ్యలో కొంచెం పైకి వంగింది. ఆవిడ సరిగ్గా అప్పుడు సున్నా పెట్టింది. మధ్యాహ్నం దిమ్మల నీడ పడ్డాక దూలం చల్లబడి మళ్లీ కిందికి దిగింది. కింద పైల్ దిగుతోంది, పక్కన దాన్ని కొలిచే దూలమూ దిగుతోంది. ఇద్దరూ కలిసి మెట్లు దిగుతుంటే ఒకరికొకరు ఎక్కడివాళ్లక్కడే ఉన్నట్టు కనపడతారు.

మేనేజరు మొహం చూడాలి. "నేనే విప్పించాను మేడం. పెద్దవాళ్లు ఎండలో మాడిపోతుంటే... అక్కడ ఊరికే ఇనప దూలం మీద కట్టి ఉంది కదా అని..."

"మీరు విప్పారు. నేను దాని కిందే కూర్చుని టీ తాగి, మంచిపని చేశారన్నాను" అంది నిదానమ్మ. ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తనే కట్టించిన పట్టాని తల మీద చూసి గుర్తుపట్టలేదు. అతిథుల ముందు మురిసిపోతే అనుభవమెంతున్నా ఇంతే.

మేనేజరు అటూఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మేడం, విప్పింది నేను, కూర్చుంది మీరు. మూడో మనిషికి తెలీదు. పరీక్ష పాసయిందని అందరూ సంతకాలు పెట్టేశారు. పైల్ నిజంగా బాగానే ఉండి ఉండొచ్చు కదా?"

"ఉండొచ్చు."

"మరింకేంటి?"

"ఉండొచ్చు అన్న మాట మీద అయిదంతస్తులు ఎలా నిలబెడతామండీ?"

అన్నది గానీ, అలా అనేముందు ఆవిడ ఆ తాళ్ల వంక చాలాసేపు చూసింది. డాక్టరమ్మ చేతుల వెచ్చదనం ఇంకా తన చేతుల మీద ఉంది. నోరు మూసుకుంటే ఆ అంతస్తు వస్తుంది. నోరు విప్పితే ఏమవుతుందో తెలీదు. దేవతలైతే తడుముకోకుండా చెప్పేవాళ్లేమో. నిదానమ్మ మనిషి, తడుముకుంది, చెప్పింది. నాకు ఆవిడ మీద గౌరవం పుట్టింది ఆ తడుముకోవడం దగ్గరే.

డాక్టరమ్మ గదిలో ఆ మాట పిడుగులా పడింది.

"నీకేమైనా పిచ్చా అమ్మాయ్? నా కళ్లతో నేను చూశాను. ముల్లు కదల్లేదు!"

"కదలకపోవడమే తప్పండీ."

"పాసయిన పరీక్షని మళ్లీ రాస్తానంటావేమిటి? నడవాలో వాళ్లకి రాత్రే చెప్పాను, వచ్చే కాన్పుకి మీకు కిటికీ పక్కన మంచమని."

నిదానమ్మ తల దించుకుని, "డాక్టరు గారూ, జ్వరం లేదని థర్మామీటరు చూపించింది. ఆ థర్మామీటరుని అంతకుముందే ఎవరో ఐసు నీళ్లలో ముంచారని మీకు తెలిసింది. రోగిని ఇంటికి పంపిస్తారా?" అంది.

డాక్టరమ్మ కోపంగా కిటికీ వైపు తిరిగింది. అటు తిరిగే చెప్పింది. "పో. చేసుకో. తొందరగా చేసి ఏడు."

నొక్కిన పైల్‌నే మళ్లీ నొక్కితే అది అప్పటికే కొంత దిగి సర్దుకుని ఉంటుంది, నిజం పూర్తిగా చెప్పదు. కాబట్టి రెండో పైల్ మీద చెయ్యాలి. అంటే ఇల్లంత దిమ్మల కుప్పని ఆవరణ ఈ మూల నుంచి ఆ మూలకి మార్చాలి. కమిటీలో ఒకాయన, కొండని తవ్వి ఎలుకని పట్టడమంటే ఇదేనన్నాడు. మేనేజరు మాత్రం మారు మాట్లాడలేదు. క్రేను తెప్పించి, తనే నిలబడి, ఒక్కో దిమ్మా ఎత్తించి మార్పించాడు. దూలం మీద ఈసారి ఒకటి కాదు, రెండు టార్పాలిన్లు కట్టించాడు. పరీక్ష నాడు అతిథులు వస్తే ఎండలోనే నిలబెట్టాడు. జన్మలో మొదటిసారి ఆయన ఎవరికీ కుర్చీ వెయ్యలేదు.

ఈసారి ముల్లు కదిలింది. బరువు పెంచిన ప్రతిసారీ కదిలి, ఆగింది. అది మంచి లక్షణం. నిదానమ్మ ఊపిరి తీసుకుంటోంది. భవనం పెట్టే బరువు దగ్గర బుద్ధిగా ఆగింది. దాని మీద ఇంకో సగం బరువు పెట్టినా ఆగింది. రెట్టింపుకి దగ్గర పడ్డాక మాత్రం, పంపు ఆపినా ముల్లు ఆగలేదు. చాలా చిన్నగా, గడియారంలో గంటల ముల్లు నడిచినట్టు, నడుస్తూనే ఉంది.

"ఆగు తల్లీ" అని పెదాల మధ్య అనుకుంది నిదానమ్మ. ఏ పరికరాన్నీ ఏనాడూ బతిమాలని మనిషి. వెనక డాక్టరమ్మ నిలబడి ఉంది. ఆవిడకి ముల్లు భాష తెలీదు, నిదానమ్మ వీపు చూస్తోంది. అంతా వేచి చూశారు. కాస్త నెమ్మదిస్తుంది, ఆగబోతున్నట్టు ఊరిస్తుంది, మళ్లీ ఒక్క అడుగు వేస్తుంది. ఒక స్థాయి దాటాక ఆశకి కూడా లెక్క ఉండాలి. నిదానమ్మ లేచి నిలబడి, "దించేయండి" అంది.

లోపలి తీగల లెక్కలు చూస్తే సంగతి బోధపడింది. రాయి పట్టు నిజమే, బిరడా మాటా నిజమే. కానీ రాయి మొదట్లో ఒక నిలువు లోతు దాకా నెర్రెలు విచ్చి ఉంది. ఆ ముక్కని కూడా గట్టి రాయితో సమానంగా ఆవిడ లెక్కేసింది. అది మోసింది అంతంతమాత్రమే. దాని కింది రాయి ఎంత మోస్తోందో ఇప్పుడు అంకెల్లో ఉంది. కాబట్టి నిలువున్నర చాలదు, రెండున్నర కావాలి. మొదటి పరీక్షని నమ్మి ఉంటే ఆ భవనం కింద ప్రతి పైలూ ఒక నిలువు తక్కువై ఉండేది.

నాలుగు నుంచి రెండున్నరకి తగ్గడం చిన్న సంగతి కాదు. వేరే చోటైతే దండలు వేస్తారు. కానీ మిగిలేదానితో అంతస్తు మొత్తం రాదు. సగం వస్తుంది.

ఈ మాట చెప్పడానికి నిదానమ్మ ఆఫీసు నుంచి కాగితం పంపొచ్చు. పంపలేదు, తనే వెళ్లింది. డాక్టరమ్మ నడవాలో మంచాల మధ్యే నిలబడి విన్నది.

"తప్పు నాదేనండీ. నిలువున్నరని ముందే అనకుండా ఉండాల్సింది" అంది నిదానమ్మ.

"సగం" అంది డాక్టరమ్మ. చేత్తో నడవా ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూపించింది. "వీళ్లలో ఏ సగాన్ని పైకి పంపను? ఏ సగాన్ని ఇక్కడే ఉంచను? నువ్వే చెప్పు."

పక్క మంచంలో బిడ్డ ఏడిస్తే తల్లి సముదాయిస్తోంది. నిదానమ్మ తనకి తెలిసిన ఒక్కటే చెప్పింది.

"పైళ్లు మాత్రం మొత్తం అంతస్తుకి సరిపడా వేయిద్దామండీ. పైన సగమే కట్టండి. పైన ఎప్పుడైనా కట్టుకోవచ్చు. భవనం లేచాక దాని కిందికి దూరి పైల్ పొడుగు పెంచడం మాత్రం ఎవరి తరమూ కాదు."

ఆ మాట మీద కమిటీ దగ్గర కూడా అంతే పట్టుగా కూర్చుంది. వాళ్లు విసిగి ఒప్పుకున్నారు. భవనం లేచింది. పైన సగం వార్డు, మిగతా సగం ఖాళీ డాబా, చువ్వలు ఆకాశంలోకి చూస్తూ ఉన్న స్తంభాల మొదళ్లు. ప్రారంభం నాడు డాక్టరమ్మ అందరితో మాట్లాడింది, నిదానమ్మతో తప్ప. తర్వాత వేరే పనుల మీద ఆసుపత్రికి వెళ్లినా, ఎదురుపడితే తలూపి వెళ్లిపోయేది. నిదానమ్మ ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే భర్త, "ఒప్పు చేశానని తెలుసు కదా, ఇంకేం?" అనేవాడు. తెలిస్తే బాధ ఉండదా? నడవాలో మిగిలిపోయిన సగం మంది ఆవిడ కళ్ల ముందు నుంచి పోలేదు. నిజం చెప్పినవాళ్లకి నిద్ర బాగా పడుతుందన్నది నిజం చెప్పనివాళ్లు పుట్టించిన మాట.

అలా ఏళ్లు గడిచాయి. అత్తగారు పోయింది. నిదానమ్మకి రిటైరుమెంటు వచ్చింది. భర్త పక్కన షాపులో కూర్చుని ఫ్రేములు తుడవడం మొదలుపెట్టింది. ఒకరోజు పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోను. డాక్టరమ్మ రమ్మంటోంది, వెంటనే.

వెళ్లేసరికి డాక్టరమ్మ లిఫ్టు దగ్గర కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడా రిటైరైంది, అయినా ఆసుపత్రి వదల్లేదు. ఏమీ చెప్పకుండా అయిదో అంతస్తుకి తీసుకెళ్లింది. డాబా ఉండాల్సిన చోట తలుపు ఉంది. తలుపు తీస్తే, కిటికీల వరస, కొత్త సున్నం వాసన, మంచాలు. మంచాల మీద తల్లులు. అంత పొద్దున్నే సగంమంది నిద్రలో ఉన్నారు.

"ఎప్పుడు కట్టారండీ? నాకు తెలియనే లేదు" అంది నిదానమ్మ.

"ఎలా తెలుస్తుంది? ఒక్క మిషను రాలేదు, ఒక్క గొయ్యి తవ్వలేదు. కింది అంతస్తుల్లో ఆపరేషన్లు ఆపలేదు, ఒక్క పేషెంటుని కదపలేదు. కొత్త ఇంజనీర్లు వచ్చి పాత లెక్కలన్నీ చూసి, కింద అన్నీ సరిగ్గా ఉన్నాయి, పైన కట్టుకోండి అన్నారు. అంతే." డాక్టరమ్మ కర్ర గోడకి ఆనించింది. "రాత్రి నడవాలోంచి చివరి మంచం పైకొచ్చింది."

నిదానమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"నీ మీద నాకు చాలా కోపంగా ఉండేది" అంది డాక్టరమ్మ. "ఆ రోజు నువ్వు నోరు మూసుకుని ఉంటే బాగుండేదని ఎన్ని రాత్రులు అనుకున్నానో. ఆ నడవాలో రౌండ్లు తిరిగిన ప్రతిసారీ అనుకున్నాను."

"తెలుసండీ. ఇప్పుడు పోయిందా?"

"పోయింది."

"ఎప్పుడండీ?"

"ఇవాళ పొద్దున" అంది డాక్టరమ్మ. "అందుకే వెంటనే రమ్మన్నాను."